ఇరవై లక్షల పుస్తకాలు కొన్నదెవరు?

మా చర్చి వాట్సాప్ గ్రూపులో ఎన్నిసార్లు వచ్చినా మళ్ళీ మళ్ళీ వచ్చే పోస్టు ఒకటుంది. ఈసారి మా పెద్దమ్మ కొడుకు పంపాడు, చివర మూడు దండం బొమ్మలు పెట్టి. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది:

"1795లో ఇంగ్లండ్‌లో హన్నా మోర్ అనే సామాన్య పల్లెటూరి స్త్రీ, చదువుకోవడానికి ఒక్క పుస్తకం కూడా లేని పేదల కోసం ఒంటిచేత్తో చిన్న చిన్న నీతి పుస్తకాలు రాసింది. పేదల కష్టాన్ని పేదల నోటితోనే చెప్పింది. ఒక్క ఏడాదిలో 20 లక్షల మంది పేదలు వాటిని కొని చదివారు. ఆమె పాట ఒక్కటి విని ఆకలి అల్లరిమూక వెనక్కి తిరిగింది. ఫ్రాన్స్‌లో రక్తం ఏరులై పారుతుంటే ఇంగ్లండ్‌ని విప్లవం నుంచి కాపాడింది ఈ పుస్తకాలే. షేర్ చేయండి."

దాని కిందే ఎవరో ఇంకో గ్రూపులోని జవాబు స్క్రీన్‌షాట్ తీసి పెట్టారు: "ఇవన్నీ మతమార్పిడి కరపత్రాలు. అప్పట్నుంచే మొదలైంది వీళ్ళ పని."

రెండూ తప్పే. మొదటిదాంట్లో నిజం కాస్త ఉంది కాబట్టి దాంతోనే ఎక్కువ చిక్కు. ఆ పుస్తకాలు వచ్చిన మాట నిజం. 'చీప్ రిపాజిటరీ' (చౌక పుస్తకాల భండారం) అనే పేరుతో 1795 మార్చి 3న మొదలై దాదాపు మూడేళ్ళు నడిచాయి. నెలకు కనీసం మూడు: ఒక కథ, ఒక పాట, ఆదివారం చదువుకోవడానికి ఒక భక్తి పాఠం. అర పెన్నీ, పెన్నీ, పెన్నీన్నర ధరలు. ఇంతవరకూ గొడవ లేదు.

ముందు ఆ 20 లక్షల సంగతి చూద్దాం, ఎందుకంటే జనం ఆమెన్ కొట్టేది అక్కడే.

ఆ అంకె పుస్తకాలు వేసినవాళ్ళే చెప్పుకున్నది. తొలి ఆరు వారాల్లో 3 లక్షలు, జులైకి 7 లక్షలు, 1796 మార్చికి 20 లక్షలు. పోనీ అది అక్షరాలా నిజమే అనుకుందాం. 20 లక్షలు ప్రతులు, మనుషులు కారు. ఆ ఏడాదిలో నెలకు మూడు చొప్పున లెక్కేసినా కనీసం 36 రకాల పుస్తకాలు. ఆ లెక్కన ఒక్కో దానికి సగటున 56 వేలకు మించదు. 1801లో తొలిసారి జనాభా లెక్కలు తీసినప్పుడు ఇంగ్లండ్, వేల్స్ రెండూ కలిపి 89 లక్షల మందే ఉన్నారు. పసిపిల్లలు, చదువు రానివాళ్ళు, డబ్బున్నవాళ్ళు పోను, 20 లక్షల మంది పేద పాఠకులు ఎక్కణ్ణుంచి ఊడిపడతారు?

అసలు ప్రశ్న ఇది కాదు. కొన్నదెవరు? దానికి జవాబు కోసం పెద్ద పరిశోధన అక్కర్లేదు, పుస్తకం మొదటి పేజీలో కింద చూస్తే చాలు. కథల పుస్తకాల మీద ధర ఇలా అచ్చువేశారు: ఒకటి ఒక పెన్నీ, 25 అయితే 1 షిల్లింగు 6 పెన్నీలు, 50 అయితే 2 షిల్లింగుల 6 పెన్నీలు, 100 అయితే 4 షిల్లింగుల 6 పెన్నీలు. షిల్లింగుకు 12 పెన్నీలు. అంటే విడిగా 100 పెన్నీలయ్యే సరుకు, కట్టగా తీసుకుంటే 54 పెన్నీలకే వస్తుంది. ఏ కూలివాడు ఒకే కథని వంద కాపీలు కొనుక్కుని ఇంటికి పోతాడు? కొట్టువాళ్ళు కొనివుండొచ్చు కదా అంటారేమో. కొన్నారు కూడా. కానీ ఊరూరా తిరిగి అమ్మేవాళ్ళ కోసం ఇంకా నాసి కాగితం మీద వేసిన చౌక ప్రతి వేరే ఉందని ఆ ధర పక్కనే అచ్చువేశారు. ఈ కట్టల రేటు ముఖ్యంగా ఎస్టేట్ దొరలకి, పాదిరీలకి, దానధర్మాలు చేసే దొరసానులకి. వాళ్ళు కట్టలు కట్టలు కొని తమ పొలాల్లో పనిచేసేవాళ్ళకీ, సండే స్కూల్ పిల్లలకీ, సిపాయిలకీ, జైళ్ళలో ఖైదీలకీ పంచారు. మంచి కాగితం మీద వేసి, బైండు చేయించి తమ ఇళ్ళలో పెట్టుకున్నవీ ఉన్నాయి. దీనికితోడు మొదట్లోనే పెద్దలంతా చందాలు వేసి నిధి పోగుచేశారు; హెన్రీ థార్న్‌టన్ అనే బ్యాంకరు దాని లెక్కలు చూశాడు. చందా డబ్బుతో ధర తగ్గించి, దొరలు కొని, పేదలకి ఊరికే ఇచ్చిన పుస్తకాన్ని "పేదలు ఎగబడి కొన్నారు" అనడం ఏం న్యాయం?

ఇది నేను ఎవరినో వెక్కిరించడానికి రాయడం లేదు. చిన్నప్పుడు ప్రతి ఏడూ గుడ్ ఫ్రైడేకి ముందు బస్టాండులో సువార్త కరపత్రాలు పంచినవాణ్ణి. ఒక్కొక్కరికీ వంద లెక్కపెట్టి రబ్బరు బ్యాండు వేసి ఇచ్చేవారు. గంటలో చేతులు దులుపుకుని వచ్చి "అయిపోయాయి సార్" అనేవాళ్ళం. వంద మందికి వాక్యం అందిందని డైరీలో రాసుకునేవారు. బస్సు కదిలాక ప్లాట్‌ఫాం మీద ఎన్ని పడుండేవో, వేరుశెనక్కాయలమ్మే ముసలమ్మ ఎన్ని ఏరుకుని పొట్లాలు కట్టేదో మాకు తెలుసు. ఎంతమంది చదివారని మమ్మల్ని ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

"సామాన్య పల్లెటూరి స్త్రీ", "ఒంటిచేత్తో" అన్న మాటలకి ఎక్కువసేపు అక్కర్లేదు. హన్నా మోర్ 1745లో బ్రిస్టల్ దగ్గర ఒక బడిపంతులుగారి ఇంట్లో పుట్టింది. అక్కచెల్లెళ్ళు అయిదుగురూ కలిసి బ్రిస్టల్‌లో ఆడపిల్లల బడి నడిపారు. లండన్‌లో గారిక్ అంతటి నటుడికి స్నేహితురాలు, ఇంగ్లీషు నిఘంటువు రాసిన డాక్టర్ జాన్సన్‌తో కూర్చుని మాట్లాడిన మనిషి. 1777లో ఆమె నాటకం కోవెంట్ గార్డెన్ నాటకశాలలో ఆడి బాగా డబ్బు తెచ్చిపెట్టింది. చనిపోయేనాటికి దాదాపు 30 వేల పౌన్లు వదిలివెళ్ళింది, ఎక్కువ భాగం ధర్మకార్యాలకే. పుస్తకాల వరుసలో వచ్చినవి నూటికి పైగా. ఆమె రాసినవి వాటిలో సగం లోపే. తనవాటి కింద 'జెడ్' అని ఒక్క అక్షరం పెట్టేది. మిగతావి అక్క శాలీ, థార్న్‌టన్, ఇంకా స్నేహితులూ రాశారు.

"చదువుకోవడానికి ఒక్క పుస్తకం కూడా లేదు" అన్నది మాత్రం పూర్తిగా తలకిందుల మాట. ఉన్నాయి కాబట్టే ఇవి పుట్టాయి. మన జాతర్లలో బాలనాగమ్మ కథ, బల్లి శకునాల పుస్తకం చాప మీద పరిచి అమ్మినట్టు, ఇంగ్లండ్ పల్లెల్లో బుట్ట మెడకు తగిలించుకుని తిరిగే చిల్లర వ్యాపారులు సూదులు, రిబ్బన్లతోపాటు పెన్నీ కథలు, పాటల కాగితాలు అమ్మేవారు. రాక్షసుల్ని చంపిన జాక్, కలల అర్థాలు, ఉరికంబమెక్కిన దొంగల చివరి మాటలు, కొంచెం పచ్చి శృంగారం. పొలం కూలి ఇంట్లో పుట్టి కవి అయిన జాన్ క్లేర్, చిన్నప్పుడు పైసా పైసా కూడబెట్టి ఇలాంటి కథల పుస్తకాలు కొనుక్కున్నానని తనే రాసుకున్నాడు. పేదవాడు తన జేబులో పెన్నీ తీసి కొన్న పుస్తకం అంటే అదీ.

హన్నా మోర్‌కి ఇది బాగా తెలుసు. ఆ పుస్తకాలు కొని తెప్పించుకుని, దగ్గర పెట్టుకుని, అచ్చం వాటిలాగే తనవి తయారుచేసింది. అదే సైజు, మీద అదే చెక్క అచ్చు బొమ్మ, అదే తరహా పేర్లు, జనానికి నోటికొచ్చిన పాత బాణీల్లోనే కొత్త పాటలు. లండన్‌లో ముద్రణ కూడా ఆ కథల పుస్తకాలు వేసే జాన్ మార్షల్‌కే ఇచ్చారు. ఇక్కడొక తమాషా ఉంది. 1797 చివర్లో మార్షల్‌కి వీళ్ళకి చెడింది. వీళ్ళు వేరే ముద్రాపకులని చూసుకున్నారు. మార్షల్ మాత్రం అదే 'చీప్ రిపాజిటరీ' పేరు పెట్టి సొంతంగా పుస్తకాలు వేసి అమ్ముకుంటూ పోయాడు! నకలుకి నకలు అన్నమాట.

ఇందులోనే చెప్పాల్సిన ఇంకో సంగతి. "పేదలకి చదవడం, రాయడం నేర్పింది" అని ఈ పోస్టుకే ఇంకో రూపం కూడా తిరుగుతోంది. చదవడం నేర్పింది, అందులో అనుమానం లేదు. 1789లో ఆమె స్నేహితుడు, పార్లమెంటు సభ్యుడు విల్బర్‌ఫోర్స్ చెడ్డర్ లోయ చూడ్డానికి పోయి అక్కడి జనం బతుకు చూసి కదిలిపోయాక, హన్నా, చెల్లెలు కలిసి మెండిప్ కొండల్లో ఊరూరా బడులు పెట్టారు. గుర్రాల మీద, బురదలో, ఆదివారానికి పది పదిహేను మైళ్ళు తిరిగి. రైతులు అడ్డం తిరిగారు. మతం వస్తే వ్యవసాయం నాశనమవుతుంది, గ్లాస్టన్‌బరీ సన్యాసులు దీన్ని తెచ్చినప్పట్నుంచీ నష్టమే అన్నాడట ఒక మోతుబరి. ఇంత శ్రమపడిన మనిషే 1801లో బిషప్‌కి రాసిన ఉత్తరంలో పేదలకి రాయడం నేర్పనివ్వనని ఖరాకండిగా చెప్పింది. కష్టపడే అలవాటు, దైవభక్తి, అంతవరకే తన ఉద్దేశం అంది. కాబట్టి మెండిప్ పిల్లలు హన్నా మోర్ రాసింది చదవగలరు, తిరిగి జవాబు రాయలేరు.

ఇప్పుడు "పేదల నోటితో" అన్న మాట. ఈ వరుసలో అందరికంటే పేరొచ్చిన కథ సాలిస్‌బరీ మైదానం గొర్రెలకాపరిది. గుర్రం మీద పోతున్న జాన్సన్ అనే పెద్దమనిషికి గొర్రెలకాపరి కనిపిస్తాడు. వాడి కోటుకి ఎన్ని మాసికలు వేశారంటే అసలు బట్ట రంగేదో తెలియదు, కానీ శుభ్రంగా ఉంటుంది. రేపు వాతావరణం ఎలా ఉంటుంది అని అడిగితే, దేవుడికి ఏది ఇష్టమో నాకూ అదే ఇష్టం అంటాడు. రోజుకి ఒక షిల్లింగు కూలి, ఎప్పుడూ నలతగా ఉండే భార్య, ఎనిమిది మంది పిల్లలు, చినుకు పడితే కారే పూరికప్పు. పిల్లలు ముళ్ళకంపల మీద చిక్కుకున్న గొర్రె ఉన్ని ఏరుకొస్తే తల్లి దువ్వుతుంది, పెద్ద కూతురు వడుకుతుంది, మగపిల్లలు మేజోళ్ళు అల్లుకుంటారు. పెద్దమనిషి ఒకరోజు చెప్పకుండా ఇంటికెళ్ళి, తలుపు బయట నిలబడి చూస్తాడు. బల్ల మీద ఉడకబెట్టిన బంగాళదుంపలు, నీళ్ళ కూజా, ముతక రొట్టె ముక్క. ఇంట్లో చిన్నది, కృతజ్ఞతా ప్రార్థన చేసే వయసు నాకూ ఉంటే ఈరోజు మనసారా చేసేదాన్ని అంటుంది. దుంపల్లోకి ఉప్పు కూడా లేనివాళ్ళు ఏం చేస్తారో అని తలచుకుందట పాపం.

కథ బాగా రాసింది, ఒప్పుకోవాలి. ఆ ఉప్పు మాట దగ్గర నాకూ గొంతు పట్టుకుంది. కానీ ఆ మాట ఎవరి చెవిన పడాలని రాశారో చూడండి. తలుపు చాటున నిలబడి వింటున్న దొర చెవిన. కథంతా అతని కళ్ళతోనే నడుస్తుంది. చివరికి కాపరికి ఊరి చర్చిలో గుమస్తా పని, వాన కారని ఇల్లు దొరుకుతాయి. అడిగినందుకు కాదు, ఏమీ అడగనందుకు. అదే 1795 మేలో బర్క్‌షైర్ పెద్దలు స్పీనమ్‌లాండ్‌లో కూర్చుని, దాదాపు 4 కిలోల రొట్టె షిల్లింగు పలికితే కూలివాడికి వారానికి కనీసం 3 షిల్లింగులు, భార్యకీ ప్రతి బిడ్డకీ షిల్లింగున్నర చొప్పున ఉండేలా చూడాలని లెక్క కట్టారు. ఆ లెక్కన ఈ కాపరి కుటుంబానికి వారానికి 16 షిల్లింగుల 6 పెన్నీలు కావాలి. ఆరు రోజులు పనిచేస్తే అతనికొచ్చేది 6. ఆ తేడా కథలో ఎక్కడా కనపడదు.

అలాగని అన్నీ "దొరకి దణ్ణం పెట్టు" కథలే అంటే అదీ అబద్ధమే. మిసెస్ జోన్స్ అనే వితంతువు కథలో తక్కువ తూకం రొట్టెలమ్మే బేకరీవాణ్ణి పట్టించి జరిమానా వేయిస్తారు. చౌకగా కూరలు, సూపు వండుకునే పద్ధతులు రాస్తారు. టీ తాగడం దండగ అని కూడా రాస్తారనుకోండి. ఆఫ్రికా నుంచి ఎత్తుకుపోయి అమ్మేసిన యాంబా అనే తల్లి పాట 1795లోనే ఈ వరుసలో వచ్చింది. బ్రిటన్ బానిస వ్యాపారాన్ని చట్టంతో ఆపడానికి ఇంకా 12 ఏళ్ళుంది.

ఇక అల్లరిమూకని ఆపిన పాట. పాట నిజమే. సగం రొట్టెయినా అసలు లేనిదానికంటే నయం అన్న అర్థం వచ్చే పేరు. మేస్త్రీ టామ్ ఆకలేస్తోంది, పదండి మిల్లులు పడగొట్టి తిండి లాక్కుందాం అంటాడు. కమ్మరి జాక్, మిల్లు విరగ్గొడితే పిండి ఎలా ఆడుతుందిరా అని నవ్వుతాడు. పనిచేసుకుంటా, ఆదివారం చర్చిలో ఓర్పు నేర్చుకుంటా, గొప్పవాళ్ళు తమ పుడ్డింగులు మానుకుని చందాలిస్తారులే అని ముగిస్తాడు. ఇది విని బాత్ దగ్గర బొగ్గుగని జనం వెనక్కి పోయారన్నది హన్నా వైపువాళ్ళు చెప్పుకున్న కథ. ఒకచోట ఆగారనే అనుకుందాం. 1795లో, మళ్ళీ 1800లో, 1801లో ఇంగ్లండ్ నిండా రొట్టె కోసం అల్లర్లు జరుగుతూనే ఉన్నాయి. పైగా ఆ జనం చేసింది చాలాచోట్ల పాటలో చెప్పినట్టు మిల్లు పగలగొట్టడం కాదు. గోధుమ బళ్ళని ఆపి, న్యాయమని తోచిన ధరకి అక్కడికక్కడే అమ్మించి, వచ్చిన డబ్బు యజమాని చేతికే ఇచ్చేవారు. జాక్ కమ్మరి దగ్గర దీనికి జవాబు లేదు, అందుకే పాటలో టామ్ చేత తెలివితక్కువ మాటలు పలికించారు.

మతమార్పిడి అన్న రెండో గ్రూపువాళ్ళకి రెండే ముక్కలు. ఆ పుస్తకాలు అందుకున్నవాళ్ళు దాదాపు అందరూ పుట్టగానే బాప్తిస్మం అయినవాళ్ళు, రాసినవాళ్ళ చర్చిలోనే పేరున్నవాళ్ళు. మార్చడానికి అక్కడ వేరే మతం ఏది? నిజానికి 1799లో లండన్‌లో రెలిజియస్ ట్రాక్ట్ సొసైటీ (మత కరపత్రాల సంఘం) పెట్టినవాళ్ళకి హన్నా పుస్తకాల మీద ఉన్న ఫిర్యాదే, వాటిలో నీతి ఎక్కువ, సువార్త తక్కువ అని. ఇక మన వైపు సంగతంటారా, లండన్ మిషన్ వాళ్ళు విశాఖపట్నంలో దిగిందే ఆ పుస్తకాలు ఆగిపోయాక, 1805లో. మా రబ్బరు బ్యాండు కట్టలకి చుట్టరికం ఆ సొసైటీతో, గొర్రెలకాపరితో కాదు.

మిగిలింది విప్లవం. "ఇంగ్లండ్‌ని కాపాడింది ఈ పుస్తకాలే" అనాలంటే వీటికి ఎదురు పుస్తకాలు కూడా స్వేచ్ఛగా అమ్ముడై, ఓడిపోయి ఉండాలి. రాజరికం వద్దన్న థామస్ పెయిన్ రాసిన 'మనిషి హక్కులు' ఆరు పెన్నీల చౌక ప్రతిగా జనంలోకి పోతుంటే, 1792 డిసెంబరులో అతను దేశంలో లేకుండానే రాజద్రోహపు రాతల నేరం మీద దోషి అని తీర్పిచ్చారు. ఆ పుస్తకం అమ్మినవాళ్ళని జైల్లో పెట్టారు. 1794లో విచారణ లేకుండా నిర్బంధించే వీలు కల్పించారు. 1795 డిసెంబరులో పెద్ద సభలు పెట్టకుండా, రాజుకి వ్యతిరేకంగా మాట్లాడకుండా రెండు చట్టాలు తెచ్చారు. 1799లో కూలి పెంచమని జట్టు కట్టడమే నేరమైంది. ఒకవైపు చందాలతో ధర తగ్గించిన పుస్తకం, ఇంకోవైపు సంకెళ్ళు. ఎవరు గెలిచారో చెప్పడానికి పాటలెందుకు?

ఇన్ని చేసినా శాంతి వచ్చిందా అంటే, మొదటి పుస్తకం వచ్చిన ఎనిమిది నెలలకి, 1795 అక్టోబరు 29న, పార్లమెంటుకి పోతున్న రాజుగారి బగ్గీని లండన్ జనం చుట్టుముట్టి రొట్టె కావాలి, యుద్ధం వద్దు అని అరిచారు. 1797లో స్పిట్‌హెడ్, నోర్ రేవుల్లో నావికులు తిరగబడ్డారు. 1830లో దక్షిణ ఇంగ్లండ్ పొలం కూలీలు నూర్పిడి యంత్రాలు పగలగొట్టారు. ఆ గొడవలు బాగా ముదిరిన జిల్లాల్లో విల్ట్‌షైర్ ఒకటి. మన గొర్రెలకాపరి సాలిస్‌బరీ మైదానం ఉన్నది అక్కడే.

అప్పటికి హన్నా మోర్ బతికే ఉంది. పల్లెలో తన సొంత ఇంట్లో నౌకర్లు ఏళ్ళ తరబడి మోసం చేస్తున్నారని 1828లో బయటపడి, ఆ ఇల్లు వదిలేసి బ్రిస్టల్ పక్కన క్లిఫ్టన్‌లో మేడ తీసుకుంది. నమ్మకమైన నౌకర్ల కథలు ఎన్ని రాసిందో! 1831 అక్టోబరు చివర్లో ఓటు హక్కు గొడవలో బ్రిస్టల్ జనం జైళ్ళకి, సంస్కరణ బిల్లుకి వ్యతిరేకంగా ఓటేసిన బిషప్‌గారి భవనానికి నిప్పుపెట్టారు. ఊరు మూడు రోజులు మండింది. ఆమెకి అప్పుడు 86 ఏళ్ళు.